బొత్తాలు తెంపేసిన ఇల్లు

వికలాంగుల సంక్షేమ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఇంటి పనులు చేసిపెట్టు సంస్థ ఒకదానికి తమ శాఖ ఇచ్చిన "వికలాంగులకు అనువైన సంస్థ" అను యోగ్యతాపత్రమును రద్దు చేయుట గురించి, సదరు సంస్థ నివేదికను నమ్మి నా భార్యను ఆశ్రయ గృహమునకు తరలింపదలచిన నోటీసును వెనక్కు తీసుకొనుట గురించి.

సూచిక: తమ నోటీసు. దాని మీద నంబరు ఉండవలసిన చోట చుక్కలు మాత్రమే ఉన్నందున నంబరు వేయలేకపోయినాను.

నేను డెబ్బై దాటినవాడిని. ఉద్యోగకాలమంతా తమవంటి అధికారుల తరఫున అర్జీలకు జవాబులు రాసిన గుమాస్తాను. "తమ అర్జీ పరిశీలనలో ఉన్నది" అనే వాక్యం నా చేతిమీదుగా లెక్కలేనన్ని ఇళ్లకు వెళ్లింది. ఆ వాక్యము నాకు పంపవద్దని ముందుగానే మనవి. దాని అర్థం నాకు తెలుసు. ఇక సంగతులు వరుసగా విన్నవించుకొనుచున్నాను.

1. నా భార్య దర్జీ. మా వీధిగదిలోనే మిషను పెట్టుకుని ఇరవై ఏళ్లకు పైగా ఆడవాళ్ల బట్టలు కుట్టింది. కంటి నరం ఎండిపోతూ వచ్చి, చూపు కొద్దికొద్దిగా తగ్గి, చివరికి పూర్తిగా పోయింది. కొద్దికొద్దిగా అన్న మాట తాము గమనించవలెను. ఇక ఆపలేమని డాక్టరు చెప్పిన రోజు నేను మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆమె మిషను సొరుగు లాగి, మిగిలిపోయిన గుడ్డ పీలికలకు పాత బొత్తాలు కుట్టడం మొదలుపెట్టింది. చూపు ఉండగానే చీకటికి కావలసినవన్నీ సర్దుకుంది. డబ్బా డబ్బాకీ ఒక పీలిక. ఒక బొత్తం ఉంటే పంచదార, రెండుంటే ఉప్పు, కోటుకి కుట్టే పెద్ద బొత్తం ఉంటే టీపొడి. మందుసీసాలకు హుక్కులు. ఫినాయిలు సీసాకు మాత్రం పిన్నీసులు గుచ్చిన గుడ్డ చుట్టింది. చేతికి గుచ్చుకోదూ అని అడిగాను. గుచ్చుకోవాలనేనండీ అంది.

పడకగది నుంచి స్నానాల గది దాకా గోడవెంట తాడు కట్టించుకుంది. హాల్లో తివాచీ అంచు కాలికి తగిలితే అక్కడినుంచి వంటింటి గుమ్మం తిన్నగా ఉంటుంది. పొయ్యి పాతది, గుబ్బలు తిప్పే గ్యాసుపొయ్యి. మంట ఎంత ఉందో బుసను బట్టి పక్కగదిలోంచి చెప్పేది. నేను ఊళ్లో లేని రోజుల్లో కూడా ఒక్కతే వండుకుని తిని, తలుపు గడియ వేసుకుని పడుకునేది. ఇరుగుపొరుగు జాలిపడబోతే, మీ ఇంట్లో కరెంటు పోతే మీరేం చేస్తారో చూస్తాగా అనేది.

ఈ ఏర్పాటులో ఏ శాఖవారి నిధులూ లేవు. ఎవరి దయా లేదు. అందువల్లనే కాబోలు అది తమ రికార్డుల్లోకి ఎక్కలేదు.

2. సదరు సంస్థ యజమాని నా భార్యకు స్వయానా తమ్ముడు, అనగా నాకు బామ్మర్ది. బామ్మర్ది మీద అర్జీ పెట్టుట లోకములో కొత్త కాదు గనుక పాత కక్షలు ఉన్నవేమోనని తాము అనుమానించవచ్చును. ఉన్నవి. వాటిని ఇందులో కలపలేదు. కలిపితే కాగితం చాలదు.

ఇతని మనుషులు కుళాయిలు బాగుచేస్తారు, కరెంటు పనులు చూస్తారు, ఇళ్లు కడిగి తుడిచి పెడతారు. పోటీ పెరిగి బేరాలు తగ్గిన సమయంలో ఇతనికి హఠాత్తుగా వికలాంగుల మీద ప్రేమ పుట్టింది. ఆ ప్రేమకు ఒక బొమ్మ కావలసి వచ్చి అక్క గుర్తుకొచ్చింది. ఫోటోగ్రాఫర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె నల్లకళ్లద్దాలు పెట్టుకోదు, ఇంట్లో కర్ర పట్టుకోదు. అవి రెండూ వాళ్లే తెచ్చారు. అక్కా, అవి లేకపోతే నువ్వు మామూలుగా కనిపిస్తున్నావే అన్నాడు. మామూలుగానే ఉన్నాను కదరా అంది. అయినా పెట్టుకుంది. తమ్ముడు కదా. ఆ ఫోటో ఇప్పుడు ఇతని బళ్లన్నిటి మీదా ఉంది. అక్క కళ్లు పోతే తమ్ముడి బండికి రంగొచ్చింది.

తరువాత పనివాళ్లకు ఒక పూట శిక్షణ జరిగింది. దాని గురించి ఇతనే మా హాల్లో కూర్చుని గొప్పగా చెప్పాడు. ఒక చక్రాల కుర్చీ తెప్పించారట. అందరూ వంతులవారీగా అందులో కూర్చుని గది చుట్టూ తిరిగారట. ఫోటోలు దిగారట. భోజనాలయ్యాయట. మరి చూపులేనివాళ్ల సంగతో అని అడిగాను. "అన్నీ ఒకటే కదా బావగారూ, ఇబ్బంది ఇబ్బందే" అన్నాడు. ఆ శిక్షణకే తమ శాఖవారు వేదిక కట్టి, శాలువా కప్పి, యోగ్యతాపత్రము దయచేసినారు. నేను చరిత్ర పుస్తకాలు విస్తారంగా చదివినవాణ్ణి. ఊళ్లు కొల్లగొట్టిన రాజులు కూడా తరువాత తీరిగ్గా రాతి మీద ధర్మం చెక్కించుకునేవారు. కనీసం ఆ చెక్కే ఖర్చు వాళ్లే పెట్టుకునేవారు.

3. గడచిన వానాకాలంలో నాకు వరిబీజం ఆపరేషను అయి కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఆ సమయంలో బామ్మర్ది, అక్కకు కానుకగా, తన మనుషుల్ని మా ఇంటికి పంపినాడు. ఇల్లంతా వికలాంగులకు అనువుగా మార్చి నన్ను ఆశ్చర్యపరచాలని అతని ఉద్దేశము. ఆశ్చర్యపడినాను.

వచ్చినవాళ్లకు ఒక సూపర్వైజరమ్మ పెద్ద. నా భార్య గుమ్మంలోనే నిలబడి ఏదీ కదపొద్దమ్మా అని చెప్పింది. ఆవిడ, మీరేం కంగారుపడకండి మేడమ్, మేం ట్రైనింగ్ తీసుకున్నాం అని చెప్పి, ఆమెను చేయి పట్టుకుని తీసుకెళ్లి వరండాలో కూర్చోబెట్టింది. లోపల బల్లలు ఈడుస్తున్న చప్పుడు వినబడి ఆమె లేచింది. మళ్లీ కూర్చోబెట్టారు. ఇంకోసారి లేచింది. ఈసారి తమ్ముడికి ఫోన్ కలిపి చేతికిచ్చారు. "అక్కా, వాళ్ల పని వాళ్లని చేసుకోనివ్వవే. బావగారు వచ్చేసరికి నీ ఇల్లు నువ్వే గుర్తుపట్టకూడదు" అన్నాడు. ఇంత నిజం అతను జీవితంలో ఇంకెప్పుడూ పలికి ఉండడు.

వాళ్లు చేసినవి: మా ఇంట్లో చక్రాల కుర్చీ లేదు, అయినా చక్రాల కుర్చీ తిరగడానికి వీలుగా సామానంతా గోడలకు తోసేశారు. జారుతుందని తివాచీ చుట్టి అటక మీద పెట్టారు. మెడకు చుట్టుకుంటుందని గోడవెంట తాడు కోసేశారు. పింగాణీ సామాను చేతికందేలా కింది అరలోకి దించారు. అంటే ఆమె మోకాలికి అందేలా. డబ్బాలన్నీ కడిగి, గుడ్డ పీలికలు తెంపి చెత్తబుట్టలో పడేసి, ఒకే రకం కొత్త డబ్బాల్లోకి మార్చి, వాటిమీద పెద్దపెద్ద అక్షరాలతో కాగితాలు అంటించారు. అక్షరాలు చాలా అందంగా ఉన్నాయి. నేను కళ్లద్దాలు లేకుండా చదవగలిగాను.

గ్యాసుపొయ్యి తీసేసి గాజుపలక కరెంటు పొయ్యి పెట్టారు. గుబ్బలుండవు, మంట ఉండదు. నున్నగా అద్దంలా ఉంటుంది. ఎలా వాడాలో సూపర్వైజరమ్మ ఆమెకు ఓపికగా నేర్పిందట. ఇదిగో మేడమ్, ఇక్కడ ఎర్రగా వెలుగుతుంది చూడండి అందట.

4. వాళ్లు వెళ్లిన మర్నాడు పొద్దున ఆమె టీ పెట్టుకోబోయి, గుబ్బల కోసం ఆ పలకంతా తడిమింది. తడుముతుంటే ఎక్కడో వేలు తగిలి పొయ్యి వెలిగింది. కుయ్‌మని చప్పుడైతే ఫోను మోగిందనుకుని హాల్లోకి వెళ్లింది. హాలు ఆమెది కాదు. బల్లకు గుద్దుకుంది, తివాచీ కోసం కాలితో వెతికింది, దారి పట్టుకుని తిరిగి వచ్చేసరికి చాలాసేపు పట్టింది. గిన్నె పెట్టే చోటు ఎక్కడుందో తెలుసుకుందామని కుడిచెయ్యి పరిచి పలక మీద ఆనించింది.

గ్యాసు మంట బుస కొడుతుంది. దగ్గరకు రావద్దంటుంది. ఇది నోరు లేని నిప్పు.

అరచెయ్యి, అయిదు వేళ్లు. ఇరుగుపొరుగువాళ్లు ఆమెను ఆసుపత్రిలో నా వార్డుకే తీసుకొచ్చారు. ఆడవాళ్ల వార్డు వేరే ఉంది, అయినా ముందు నన్ను చూడాలంది. చూడాలనే అంది. తోలు వస్తుంది, మిగతాది తరవాత చూద్దాం అన్నాడు డాక్టరు. మిగతాది అంటే ఏమిటో ఆయన చెప్పలేదు. కుడిచేతి వేళ్లే ఆమె కళ్లని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

5. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారని సామెత. మా ఇంట్లో చేతులు కాలాక నోటీసు పట్టుకొచ్చారు.

సంగతి ఏమనగా, ప్రమాదం తన సంస్థ మెడకు చుట్టుకుంటుందని భయపడి, బామ్మర్ది ఒక నివేదిక తయారుచేయించి తమ శాఖకు సమర్పించినాడు. అందులో పని మొదలుపెట్టక ముందు తీసిన మా ఇంటి ఫోటోలు ఉన్నాయి. "గోడ వెంట ప్రమాదకరమైన తాడు", "ఆహార పదార్థముల డబ్బాలకు మురికి గుడ్డ పీలికలు", "సీసాకు తుప్పు పట్టిన పిన్నీసులు" అని ఒక్కొక్క ఫోటో కింద రాసి ఉంది. చివరన, వినియోగదారు ఒంటరిగా నివసించుటకు శక్తి లేనివారనియు, భర్త వృద్ధుడు, మాటవిననివాడనియు తేల్చినారు. రెండవదానికి నేను అభ్యంతరము చెప్పను.

నివేదిక సంగతి తెలిసి అతన్ని ఇంటికి పిలిచాను. వచ్చాడు. అక్క చేతి కట్టు చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, నిజంగానే. నేను ఒక్క మాటే అడిగాను. "ఒరే, నువ్వు తగలబెట్టిన ఇంటికి నువ్వే పంచనామా రాశావా?"

"బావగారూ, మీరు పుస్తకాల్లో మాటలు మాట్లాడతారు. రేపు మీకేదైనా అయితే అక్క గతేంటి? ఆశ్రయ గృహంలో అయితే మనుషులుంటారు, టైముకి తిండి పెడతారు. నేను దాని మంచికే చేశాను."

ఆమె అంతసేపూ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. "టైముకి తిండి ఇప్పుడూ తింటున్నానురా. ఎప్పుడు తినాలో నేను చెబితే అది టైము. వాళ్లు చెబితే అది గంట" అంది. అతనికి అర్థం కాలేదు. కొబ్బరినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

6. తరువాత తమ శాఖ ఉద్యోగి ఒకరు నోటీసు తెచ్చినారు. నా భార్య నా పక్కనే ఉండగా ఆయన నన్ను అడిగినది: "ఆవిడకి ఏమైనా అభ్యంతరం ఉందాండీ?" ఆవిడ ఇక్కడే ఉంది బాబూ, అడగండి అంది ఆమె. ఆయన వంగి, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, బండి వస్తుందమ్మా, మంచం, దుప్పటి వాళ్లే ఇస్తారు అని పెద్దగా అరిచాడు. చెవులు బానే ఉన్నాయి, వాటిని కూడా పోగొట్టకండి అంది.

అభ్యంతరముంటే తమ కార్యాలయమునకు స్వయముగా వచ్చి చెప్పుకోవలెనని నోటీసులో ఉన్నది. తమ కార్యాలయము పై అంతస్తులో ఉన్నది. లిఫ్టు తలుపుకు తాళము ఉన్నది. తాళపుచెవి ఎవరి దగ్గర ఉన్నదో ఎవరికీ తెలియదు. తమ శాఖ బోర్డు మీద వికలాంగులను గౌరవంగా పిలవడానికి పేరు మార్చి మార్చి రాయించినారు. మెట్లు మాత్రం మార్చలేదు. ఆ మెట్ల దగ్గర, చంకకర్రలు పక్కన పెట్టుకుని, ఎవరైనా కిందికి దిగివస్తారేమోనని కూర్చున్న ఒకాయనతో నేను పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మాట్లాడాను. చాలా చదువుకున్నవాడు. తమ గురించి ఆయన అన్న మాటలు అర్జీలో రాయదగినవి కావు.

7. ప్రస్తుత పరిస్థితి. గాజు పొయ్యి తీయించివేసి పాత పొయ్యి పెట్టించినాను. తాడు కట్టించినాను, తివాచీ పరిపించినాను. డబ్బాల విషయంలో కొంత కష్టమైనది. ఏ డబ్బా ఏ అరలో ఉండేదో నాకు తెలియదు. పెళ్లయినప్పటి నుంచీ ఈ ఇంట్లోనే ఉన్నాను; కళ్లుండడం వల్ల తెలుసుకునే పని పడలేదు. ఆమె చెబుతుంటే నేను సర్దాను. బొత్తాలు కొని తెచ్చి నేనే కుట్టాను. ఇవి ఎవరు కుట్టారు, పిల్లి కుట్టిందా అని అడిగింది. అయినను సర్వమూ యథాస్థానమునకు చేరినది. ఆమె చేయి మానినది. ఇంటిపనులు ఎప్పటివలెనే తానే చేసుకొనుచున్నది.

కావున ప్రార్థించునది ఏమనగా:

మొదటిది, సదరు సంస్థకు ఇచ్చిన యోగ్యతాపత్రము తక్షణము రద్దు చేసి, బళ్ల మీద నా భార్య ఫోటో చెరిపించవలెను. నల్లకళ్లద్దాలు వారివే, తిరిగి ఇచ్చివేయుటకు సిద్ధము.

రెండవది, తరలింపు నోటీసు ఉపసంహరించవలెను.

మూడవది, ఇకమీదట వికలాంగుల ఇళ్లకు పనికి వెళ్లేవారు ఎవరైనా, ఆ ఇంట్లో మనిషిని బయట కూర్చోబెట్టి లోపల సామాను ముట్టుకోరాదు. అడగవలసినది ఆ మనిషిని, పక్కన నిలబడ్డ మొగుణ్ణి కాదు. కదిపినది ఏదైనా ఆ మనిషి చేతికి చూపించి, తీసిన చోటనే తిరిగి పెట్టి మరీ వెళ్లవలెను. ఒక పూట చక్రాల కుర్చీలో ఊరేగినంత మాత్రాన ఒకరి ఇంట్లో జొరబడి మేలు చేసే అధికారం రాదు. శిక్షణ ఇవ్వదలిస్తే అటువంటి ఇళ్లల్లో బతికేవాళ్లను పిలిచి, కూలి ఇచ్చి, వాళ్లచేత చెప్పించవలెను.

పై సంగతులను కిందివారి బల్ల మీదకు జరపక, ఒక్క పూట తీరిక చేసుకుని, తామే చిత్తగించవలెను. చిత్తము లేనిచో కనీసం బిగ్గరగా చదివించుకుని వినవలెను. మా ఇంట్లో అలాగే చదువుతాము.

ఇన్నేళ్ల అలవాటు కొద్దీ,
తమ విధేయుడు,
జవాబుల గుమాస్తా (రిటైర్డ్)

తా.క.: పై అర్జీ ఆమెకు చదివి వినిపించాను. తను చెప్పేది చెప్పినట్టుగా కింద చేర్చమంది. చేర్చకపోతే తమ్ముణ్ణి పిలిపించి రాయించుకుంటానని బెదిరించింది. అందుచేత చేరుస్తున్నాను.

"అయ్యా, నమస్కారం. మా ఆయన బాగా రాశారు. ఉద్యోగంలో ఉన్నప్పుడూ బాగానే రాసేవారు, ఎవరి పనీ జరిగేది కాదు.

మొదటి కోరిక తీసేయండి. మా తమ్ముడి కాగితం లాక్కోవద్దు. అది పోతే వాడు మాలాంటి వాళ్ల ఇళ్లకు మనుషుల్ని పంపడం మానేస్తాడు. లాభం లేదని ఎప్పటినుంచో గొణుగుతున్నాడు. అప్పుడు మా కుళాయి ఎవరు బాగుచేస్తారు? ఆపరేషనయ్యాక ఈయన బిందె ఎత్తలేరు. మిగతా కంపెనీలకి ఫోన్ చేస్తే ఇంట్లో చూపున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగి పెట్టేస్తారు. వీడి మనుషులు వస్తున్నారు. వాళ్లకి రావడం వచ్చింది, అడగడం రాలేదు. అది నేర్పించండి. ఫోటో మాత్రం తీయించేయండి, అందులో ఉన్నావిడ ఎవరో నాకు తెలియదు.

ఏడోదాంట్లో ఆయన అబద్ధం రాశారు. చెయ్యి మానలేదు. తోలు వచ్చింది, లోపల మనిషి రాలేదు. బొత్తం ముట్టుకుంటే గుడ్డలా ఉంది, గుడ్డ ముట్టుకుంటే ఏమీ లేనట్టుంది. నిన్న టీ కప్పు పక్కన పోశాను. మొన్న కూడా. మొన్న పోసింది ఆయన కాలి మీద పడింది. ఆయన నోరెత్తలేదు. నోరెత్తకపోతే నాకు తెలియదనుకున్నారు. మనిషి కాలి మీద నీళ్లు పడిన చప్పుడు వేరే ఉంటుంది.

ఎడమచేతికి నేర్పుతున్నాను. అది మొద్దుది. జన్మంతా గుడ్డ పట్టుకుని ఉండడమే తప్ప ఒక్క కుట్టు వేసి ఎరగదు. కొంచెం టైము పడుతుంది. ఎండాకాలం దాకా ఆగండి. అప్పుడు రండి, ముందుగా చెప్పకుండా రండి. మీకు టీ పెట్టి ఇస్తాను. ఆయన్ని మాత్రం వీధిలో నిలబెట్టండి, లేకపోతే ఎడమకి, ఎడమకి అని అరుస్తారు. కప్పులో పోస్తే తాగి వెళ్లండి. పక్కన పోస్తే బండి పిలవండి. నన్నెవరూ పట్టుకోనక్కర్లేదు, నేనే వచ్చి ఎక్కుతాను. ఇది నా మాట."

అయ్యా, పై చివరి పేరాకు నా సమ్మతి లేదని మనవి. కొట్టివేద్దామని రెండుసార్లు కలం ఆనించాను. కొట్టివేస్తే ఆమెకు కనపడదు. కానీ ఎదురుగానే కూర్చుని ఉంది. కలం రాస్తున్న చప్పుడేదో, గీత గీస్తున్న చప్పుడేదో ఆమెకు తెలుసు.